అలీ సాహెబ్ చెక్కిన నైపుణ్య భవన్

పల్నాడు జిల్లాలో అనుభవం ఉన్నవాడెవడూ ఇకమీదట ఖాళీగా కూర్చోవడానికి వీల్లేదని అనుభవ వినియోగ శాఖ మంత్రిగారు సెలవిచ్చారు. అలాంటి శాఖ ఒకటుందని జనానికి ఆ రోజే తెలిసింది. గురజాల దారిలో నైపుణ్య భవన్‌కు శంకుస్థాపన చేస్తారట. ఆ రోజే అక్కడ మేళా కూడా పెడతారట. సీనియర్ నిపుణులు స్టేజీ ఎక్కి తమ విలువేమిటో తామే చెప్పుకుంటే అక్కడికక్కడే ఉద్యోగం ఇస్తారట. విలువ ఉండీ చెప్పుకోలేకపోవడమే మన దేశ దారిద్ర్యానికి మూలమని మంత్రిగారు కనిపెట్టారు. పెద్దవాళ్ళకు ఇలాంటివి కారులో ఏసీ వేసుకుని కూర్చున్నప్పుడు తడుతుంటాయి.

ఈ వార్త విని ముందుగా ఆశపడ్డవాడు మాచర్ల అలీ సాహెబ్. శంకుస్థాపన రాళ్ళు చెక్కడం అతని వృత్తి. ఏ పార్టీ గెలిచినా కొబ్బరికాయ వాళ్ళది, రాయి మాత్రం అలీ సాహెబ్‌ది. మీసం రాకముందు పట్టిన ఉలి గడ్డం నెరిసినా దించలేదు. ఇప్పుడు దించక తప్పేట్టు లేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. "ఇంకొక్క ఏడాది ఈ పని చేశావంటే ఆ తర్వాత నా దగ్గరికి రావక్కర్లేదు," అన్నాడు నరసరావుపేట డాక్టరు. అలీ సాహెబ్ అది శుభవార్త అనుకుని ఇంటికొచ్చి చెప్పాడు. భార్య హలీమాకు అర్థమై ఏడ్చింది.

మేళా సంగతి తెలిసినరోజు ఆమే అతన్ని తరిమింది. "ఏందండీ ఇంకా చూస్తా కూర్చున్నారు? పోయి చెప్పుకోండి. కూర్చుని చేసే పనేదన్నా ఇయ్యమనండి."

ముందు శిక్షణ. విలువ చెప్పుకోవడం నేర్పడానికి విజయవాడ నుంచి భార్గవి అనే ట్రైనర్‌ను పిలిపించారు. తెలివైన పిల్ల, ఓపిక కూడా ఉంది.

"మీరేం చేస్తారు?"

"రాయి చెక్కుతానమ్మా."

"అలా చెప్పకూడదండీ. పని చెబితే కూలి ఇస్తారు, ఫలితం చెబితే జీతం ఇస్తారు. మీ పని వల్ల ఏమొచ్చింది?"

అలీ సాహెబ్ నిజాయితీగా ఆలోచించాడు. "దగ్గొచ్చింది."

"పోనీ, మీరు చేసిన ప్రాజెక్టులు?"

"నకరికల్లు కాడ ఒక గోడౌను, నడికుడి కాడ ఒక బ్రిడ్జి, అచ్చంపేటలో ఒక కాలేజీ. ఇంకా చానా ఉన్నయ్."

"ఎన్ని పూర్తయ్యాయి?"

"అన్నీ. ఒక్క అక్షరం తప్పు పోలేదు."

"రాళ్ళు కాదండీ, బిల్డింగులు."

"అయి మన చేతిలో పని కాదమ్మా."

భార్గవి కాసేపు పెన్ను కొరికింది. ఆ తర్వాత, "మీరు ప్రజా నిర్మాణాల తొలిదశ నిపుణులు. ఇచ్చిన పని ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు. ఇలా చెప్పండి," అంది. "మీకంటూ ఏదైనా టెక్నిక్ ఉంటే చివర్లో చెప్పండి. ఎంప్లాయర్ అక్కడ పడిపోతాడు."

టెక్నిక్ లేకేం, ఉంది. ప్రభుత్వం మారితే భవనం పేరు మారుతుంది, రాయీ మారాలి. అలీ సాహెబ్ కొత్త రాయి కొననివ్వడు. మందపాటి మాచర్ల బండకు ముందువైపు ఒక ప్రభుత్వాన్ని, వెనకవైపు ఇంకో ప్రభుత్వాన్ని చెక్కుతాడు. రెండు వైపులూ నిండితే పాతది అరగదీసి మళ్ళీ మొదలుపెడతాడు. అందుకే రాయి నిలబెట్టేటప్పుడు తాపీమేస్త్రి బాలకోటయ్య చేత సిమెంటు తగ్గించి ఇసుక ఎక్కువ కలిపిస్తాడు. గడ్డపారతో నాలుగుసార్లు కదిపితే అంచు చెదరకుండా చేతికొస్తుంది. నైపుణ్య భవన్ రాయి కూడా పాతదే. ఇదే స్థలంలో మొదట ఉపాధి భవన్‌గా నిలబడింది, తర్వాత వెనక్కి తిరిగి ప్రతిభా భవన్ అయింది. ఈసారి ఉపాధిని అరగదీసి, ఆ చోట నైపుణ్యాన్ని చెక్కాడు. దగ్గు ముదిరింది ఆ అరగదీతలోనే.

శంకుస్థాపన రోజున మంత్రిగారు చెప్పిన టైముకే వచ్చేశారు. అలాంటిది ఎవరూ ఊహించరు కాబట్టి రాయి ఇంకా నిలబెట్టలేదు. ఇటుకల గోడకు ఆనించి పైన తెర కప్పేశారు.

"ఆయన పోయినాక నిలబెడతాలే భాయ్. మామూలు ఇసక పాళ్ళేగా?" అన్నాడు బాలకోటయ్య.

"కాదు. ఈసారి సిమెంటు దండిగా కొట్టు. మళ్ళా కదలగూడదు." అలీ సాహెబ్ గొంతు తగ్గించాడు. "ఈ భవన్‌లో ఇన్‌స్ట్రక్టరు పోస్టు నాకు ఖాయమంట. మంత్రిగారి పీఏ శివరామయ్యగారు చెప్పారు. కుర్చీ, ఫ్యాను."

తను రాయి చెక్కినా పైకి లేవని భవనాల సంగతి అతనికి తెలియక కాదు. కానీ వాటిల్లో తన కుర్చీ లేదు, ఇందులో ఉంది. మనిషికి ఆశపుడితే అంతే మరి.

మంత్రిగారు తెర లాగారు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అలీ సాహెబ్‌ను స్టేజీ మీదికి పిలిచారు. మొదటి వరుసలో హలీమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అతను భార్గవి నేర్పినదంతా నేర్పినట్టే అప్పజెప్పాడు.

"బాగుంది. ఇంతకీ నీవల్ల ప్రభుత్వానికి లాభమేంది సాయిబూ?" అని అడిగారు మంత్రిగారు.

"మూడు ప్రభుత్వాలకి ఒకే రాయి వాడాను సార్. ఇదిగో, ఈ రాయే."

శివరామయ్య చేతిలోంచి శాలువా జారిపోయింది. మంత్రిగారు రాయి వైపు చూశారు, జనం వైపు చూశారు, చివరికి పకపకా నవ్వి అలీ సాహెబ్‌ను కావలించుకున్నారు.

"చూశారా! ప్రజాధనం ఆదా చెయ్యడమంటే ఇదీ! ఈయన్ని నైపుణ్య భవన్‌కు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఈ క్షణమే నియమిస్తున్నాను!"

అలీ సాహెబ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రేపొచ్చి చేరమంటారా సార్?"

"రేపా? నీలాంటివాణ్ణి రేకుల షెడ్డులో కూర్చోబెడితే నాకు మర్యాదేనా? భవనం లేవనీ. ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కత్తిరించి, నిన్ను నీ కుర్చీలో నేనే కూర్చోబెడతా!"

ఈసారి చప్పట్లు మరీ ఎక్కువగా మోగాయి. శివరామయ్య శాలువా దులిపి అలీ సాహెబ్‌కు కప్పాడు. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి హలీమా కూడా చప్పట్లు కొట్టింది. అలీ సాహెబ్ మాత్రం రాయి వెనకున్న ఖాళీ స్థలం వైపు ఒకసారి చూశాడు. అయినా నవ్వుతూనే నిలబడి ఫోటో దిగాడు.

కార్లు వెళ్ళిపోయాయి. అవి లేపిన దుమ్ముకు అలీ సాహెబ్‌కు దగ్గొచ్చి చాలాసేపు ఆగలేదు.

"ఉద్యోగం వచ్చిందిగా, ఇంక ఉలి పారేసి ఇంటికి పదండి," అంది హలీమా సంబరంగా.

"ఉండు, వస్తన్నా," అని అతను రాయి దగ్గరికి నడిచాడు. బాలకోటయ్య సిమెంటు బస్తా విప్పి గుట్టగా పోశాడు. అలీ సాహెబ్ ఒంగి రాయి వెనక్కి చూశాడు. ప్రతిభా భవన్ చెక్కుచెదరకుండా ఉంది. భుజం మీది శాలువా కొసతో ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచాడు.

"బాలకోటయ్యా, ఇసక ఇంకో రెండు తట్టలు పొయ్యి," అన్నాడు.