ఖాళీ గదికి పంపిన పని

ఆస్ట్రేలియా దక్షిణాన హోబార్ట్‌లోని కార్చిచ్చు హెచ్చరికల యంత్రం మళ్లీ బిగుసుకుపోయిందనీ, ఇందులో దాన్ని లోపలినుంచి నడిపే కెర్నెల్ అనే ప్రోగ్రాంకు పెద్దలమైన మా తప్పేమీ లేదనీ ఇందుమూలంగా తెలియజేస్తున్నాం.

యంత్రంలో నోడ్ అనే గదులుంటాయి. ఒక్కో గదిలో పనిచేసే ప్రాసెసర్లు, సరుకు దాచే మెమరీ. ఎక్కడ ఏమున్నాయో కెర్నెల్ గుర్తుపెట్టుకుంటుంది. మరమ్మతు కోసం ఒక గదిలో ప్రాసెసర్లన్నీ ఆపేశారు. కెర్నెల్ మాత్రం అక్కడ పనివాళ్లున్నారన్న గుర్తు చెరపలేదు. ఖాళీ గదికి పని పంపి, జవాబు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది.

యంత్రాన్ని చూసుకునే కార్మెల్ ఈ లోపం పట్టింది. చివరి ప్రాసెసర్ ఆగగానే పనివాళ్ల గుర్తు తీసేయాలి, మెమరీ గుర్తు ఉంచాలి. రెండు వరుసల సవరణ. ఎండలు ముదరకముందే కెర్నెల్‌లో చేర్చమని మమ్మల్ని బతిమాలింది.

మేం ఊరుకుంటామా? సవరణ శీర్షిక చివర చుక్క ఉందని తిప్పి పంపాం. చుక్క తీస్తే, మాటల మధ్య ఖాళీలు ఎక్కువయ్యాయన్నాం. సవరణ ఏం చేస్తుందో చూసిన పాపాన ఎవరూ పోలేదు. చివరికి అధ్యక్షుడు నెవిల్ మీసానికంటిన లామింగ్టన్ కేకు కొబ్బరి దులుపుకుంటూ లేచారు.

"ఆ భాగానికి పెద్ద క్లైవ్ గారు. ఆయన సరేననకుండా చెయ్యి పెడితే మన సంప్రదాయం ఏమైపోవాలి?"

క్లైవ్ అయిపూ అజా లేక ఏళ్లయింది. అయినా చప్పట్లు కొట్టాం.

కార్మెల్ పడవెక్కి బ్రూనీ దీవికి వెళ్లింది. క్లైవ్ మోకాలి లోతు నీళ్లలో ఆల్చిప్పలు పెంచుకుంటున్నాడు.

"ఇంకా నేనే ఉన్నాననుకుంటున్నారా ఆ మొద్దులు? వదిలేశానని ఎప్పుడో చెప్పానుగా!"

"చెప్పారటండీ. మీ మీద గౌరవంతో ఎవరూ నమ్మలేదట."

"ముందు నా పేరు పీకేయమను అమ్మాయ్. రా, రెండు ఆల్చిప్పలు తినిపో."

బరువెక్కిన హృదయాలతో ఆయన పేరు తీసేశాం. దాంతో సవరణకు సరేననే పెద్ద లేకుండా పోయాడు. సవరణ ఆగింది. ఖాళీ అయిన ఆ స్థానానికి క్లైవ్‌నే ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఆయన్ని అడగలేదు గనుక అభ్యంతరం రాలేదు.

మా నడివేసవి జనవరిలో ఉత్తరపు వడగాలి లేచింది. యంత్రం గాలి లెక్కలను ఖాళీ గదికి పంపి కూర్చుంది. కొండమీద మంటలు రేగినా హెచ్చరిక రాలేదు. కార్మెలే ఇంటింటి తలుపూ కొట్టి కొండ కింది జనాన్ని తరలించింది. ఆ పేటకు వచ్చిన ఒకే ఒక్క అగ్నిమాపక బండి మా సమావేశ మందిరం ముందు ఆగింది. తలుపుకు 'సమావేశం జరుగుచున్నది' అన్న బోర్డు వేలాడుతోంది మరి. తలుపు పగలగొట్టి మాకోసం బల్లల కింద కూడా వెతికారు. మేం పొద్దున్నే సముద్రస్నానానికి వెళ్లాం. బోర్డు తీయడం ఎవరి బాధ్యతో ఇంకా తేలలేదు. ఈలోగా పక్క వీధిలో కార్మెల్ ఇల్లు కాలిపోయింది.

మరుసటి సమావేశంలో ఆమెకు సానుభూతి తీర్మానం చదివారు. అందరం తల ఊపాం. ఇప్పుడు మీరూ ఊపారు, చూశాను. ఊపే తల లోపల ఎవరైనా ఉన్నారా అని అడగడం మా సంప్రదాయం కాదు.