లేబుల్ మీద లేని పంక్తి

ఆ ఏడాది మార్చిలో డ్వైట్ కెటర్‌మన్ చేతిలో ఉన్నవి ఇవి: తాడు కడితే తప్ప తలుపు నిలవని వ్యాను ఒకటి, ఇంటి నేలమాళిగలో అయిదు వందల రికార్డులు, నాలుగు పాటలు, ఒక డ్రమ్మరు, ఒక గాయకుడు. లూయీవిల్‌లో అప్పటికి వీధికొక బ్యాండు ఉంది. నిజంగా పాడగలిగినవాడు ఉన్నది మాత్రం తన బ్యాండు "టిన్ సైలో"లోనే అని డ్వైట్ నమ్మకం. అందుకే గాయకుణ్ణి ఆస్తుల్లో జమ కట్టుకున్నాడు.

ఆ ఉదయం పని చిన్నదే. కాలేజీ రేడియోలో ఒక రికార్డు ఇవ్వాలి, పది గంటలకు అది మోగుతుంటే వ్యానులో కూర్చుని వినాలి. రేడియోలో మోగితేనే శనివారం కచేరీకి వేదిక ఇస్తానని హాలు యజమాని గస్ చెప్పాడు. గాయకుడు కార్బిన్ ఆ నాలుగు పాటల మాటలూ మూడేళ్లు కూర్చుని రాశాడు. కొడుకు గొంతు వినడానికి వాళ్లమ్మ లొరెట్టా చర్చి గాయక బృందాన్నంతా ఇంటికి పిలిచి బిస్కెట్లూ గ్రేవీ చేసిపెట్టింది.

అయితే రికార్డులు చేయించేటప్పుడు డ్వైట్ ఒక తెలివైన పని చేశాడు. లేబుల్ మీద "నిమిషానికి 45 చుట్లు" అనే పంక్తి తీసేస్తే పద్దెనిమిది డాలర్లు తగ్గుతాయన్నారు రికార్డులు అచ్చేసేవాళ్లు. వింటే ఎవరికైనా తెలియదా అని తీయించేశాడు. పెద్ద సైజు రికార్డు కనబడితే రేడియోవాళ్ల చెయ్యి అలవాటు కొద్దీ ముప్పై మూడు చుట్ల నెమ్మది వేగం మీదికి పోతుందన్నది అతని లెక్కలోకి రాలేదు.

పది గంటలకు పాట మొదలైంది.

"ఒరే, ఇదేంట్రా?" అన్నాడు డ్రమ్మరు లోనీ. "నేనెప్పుడు వాయించాను ఇంత నెమ్మదిగా? నన్ను నీళ్లలో ముంచి వాయించమన్నట్టుంది."

తర్వాత కార్బిన్ గొంతు వచ్చింది. గొంతు అనడం కూడా మర్యాదకే; వేగం తగ్గి, లావెక్కి, మాటలన్నీ కలిసిపోయిన మోత అది.

"అది నేనా?" అన్నాడు కార్బిన్, పాలిపోయి. "ఒక్క మాటైనా తెలుస్తోందా? నా మూడేళ్లురా!"

డ్వైట్ చిల్లర పట్టుకుని పెట్రోలు బంకులో ఉన్న ఫోను దగ్గరికి పరుగెత్తాడు. రేడియోలో పాటలు వేసే మాక్సీన్ ఎత్తింది.

"లైను దొరకడమే మీ అదృష్టం! పదకొండు మంది ఫోన్ చేశారండీ. మామూలుగా ఈ టైముకి ఒక్కడు చేస్తాడు, అదీ రాంగ్ నంబరు."

"అసలు విషయం ఏంటంటే మాక్సీన్..."

"అసలు విషయం ఆ వాయిద్యం! అడుగున ఎద్దు రంకె వేసినట్టు వస్తుందే, అదేంటి? అందరూ అదే అడుగుతున్నారు."

నిజం చెబితే పద్దెనిమిది డాలర్ల తప్పు ఊరంతా తెలుస్తుంది. చెప్పకపోతే పదకొండు మంది కొనేవాళ్లు.

"మేమే తయారు చేసుకున్నాం," అన్నాడు డ్వైట్.

మధ్యాహ్నానికి గస్ ఫోన్ చేశాడు. "ఆ వాయిద్యం తెస్తేనే రండి. పాడేవాళ్లకేం, సందుకొకడు."

ఇంట్లో లొరెట్టా మరింత మెల్లగా దెబ్బ కొట్టింది. "పాట బాగుందిరా నాన్నా. అందులో నువ్వెక్కడున్నావు?"

కార్బిన్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి ఆ రంకె తనే వేయడానికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు: మూడు పాటలకు రంకె, నాలుగోది తన గొంతుతో. రంకె కోసం లోతైన గొట్టం కావాల్సివచ్చింది. వాళ్లమ్మ వాక్యూమ్ క్లీనరు గొట్టం సరిగ్గా సరిపోయింది. అడిగితే ఇవ్వదని అడగలేదు. నెమ్మదిగా వాయించడం లోనీకి గండమైంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య సాండ్‌విచ్ తినడం నేర్చుకున్నాడు.

శనివారం హాలు నిండింది. జనం చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డారు. స్పీకర్ల వెనక నక్కి కార్బిన్ గొట్టంలో రంకెలు వేశాడు. పాట అయిపోతే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అది అయిందో, మధ్యలో ఆగిందో తెలియలేదు. మూడూ అలాగే గడిచాయి.

నాలుగో పాటకు కార్బిన్ ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, హాయిగా ఎత్తుకున్నాడు.

"ఎవడ్రా వీడు?" అని వెనకనుంచి అరుపు. "పక్కకి జరగరా బాబూ, వాయిద్యం విననీ!"

కార్బిన్ మూడో వరుసలో ఉన్న తల్లి వైపు చూశాడు. ఆమె లేచి నిలబడింది. ఆమె చూపు కొడుకు మీద లేదు, స్పీకర్ల పక్కన బయటికి కనబడుతున్న గొట్టం మీద ఉంది.

"కార్బిన్! అది నా వాక్యూమ్ గొట్టం కాదుట్రా? రెండ్రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నాను!"

హాలంతా కళ్లు తెరిచింది. వాయిద్యం గుట్టు రట్టయింది. టిక్కెట్ల డబ్బు వెనక్కివ్వాలంటే ఎంతవుతుందో డ్వైట్ అప్పుడే కూడుతున్నాడు. కార్బిన్‌కు ఒళ్లు మండింది. గొట్టం లాక్కొచ్చి అందరి ఎదుటా నోటికి పెట్టుకుని, మూడేళ్ల మాటలన్నీ ఒక్క రంకెలో దించేశాడు.

టిన్ సైలోకు పాట మధ్యలో చప్పట్లు పడటం అదే మొదటిసారి.

"రేడియోలో విన్నది ఇదేనమ్మా!" లొరెట్టా పక్కావిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "వాడే! నా కొడుకే!"

మే నెలకల్లా అయిదు వందల రికార్డులూ అయిపోయాయి. కాలాన్ని కావాలనే నెమ్మది చేసి, మాటల్ని త్యజించిన బ్యాండు అని తర్వాత చరిత్రలు రాసినవాళ్లు రాశారు. డ్వైట్ ఎవరితోనూ వాదించలేదు. మొత్తం మీద పోయినవి: పాటల్లో మాటలు, లోనీ వేగం, ఒక గాయకుడు. వచ్చినవి: లొరెట్టాకు కొత్త గొట్టం, కార్బిన్‌కు వాయిద్యకారుల వరుసలో పేరు, ఇంకో రెండు వేల రికార్డులకు గిరాకీ. ఆ రెండు వేలకూ డ్వైట్ బేరమాడకుండా పద్దెనిమిది డాలర్లు కట్టి, లేబుల్ మీద ఒక పంక్తి వేయించాడు: నిమిషానికి 33 చుట్లు.