సద్ది డబ్బాలో కోడి ఎముక

"భూమి లోపల బొగ్గు ఎలా ఉంటుందో నా తల లోపల తెలివి అలా ఉంటుంది సంపతూ! పొరలు పొరలుగా!" అని డిటెక్టివ్ ఉమామహేశ్వర్ నా ఆటో వెనక సీట్లోంచి ప్రకటించాడు.

ఇంతవరకు ఎవరూ తవ్వి చూడలేదు కనుక నేను కాదనలేదు.

ఉమామహేశ్వర్‌ది మంథని. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ హాజరు ఆఫీసులో పని చేసి రిటైరయ్యాడు. ఎప్పుడో ఒకసారి, ఒకడి బదులు ఇంకొకడు మస్టర్‌లో హాజరు వేయించుకుంటే పట్టుకున్నాడట. అప్పటి నుంచి డిటెక్టివ్. నా చదువు ఏడో తరగతిలో ఆగింది, ఆయనది ఎం.ఏ.లో ఆగింది. ఇద్దరం ఒకే ఆటోలో తిరుగుతున్నాం. చదువు వల్ల లాభమేమిటో మీరే చెప్పండి.

అలాంటి మనిషిని మా అక్క సారవ్వ ఇంటికి తీసుకుపోవడం నా బుద్ధి తక్కువ పని. కానీ అక్క ఫోన్లో ఏడ్చింది. ఏం చెయ్యను?

మా బావ రాయమల్లు వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ల కబడ్డీ జట్టుకు కెప్టెన్. వచ్చే నెల డిపార్ట్‌మెంట్ల పోటీలు. ఎనభై కిలోలు దాటినవాణ్ణి గీత లోపలికి అడుగు పెట్టనివ్వరు. బావ దాటాడు. తగ్గుదామని మొదలుపెట్టాక ఇంకా దాటాడు.

"పొద్దుగూకకముందే తినవెడుతున్న సార్," అంది అక్క. "రాత్రి బువ్వ బంద్. చాయల చక్కెర బంద్. సద్దిల రెండు జొన్న రొట్టెలు, ఇంత తోటకూర. డ్యూటీ దిగినంక స్టేడియం సుట్టు నడుస్తడు. అయినా మనిషి బండ లెక్క పెరుగుతుండు!"

బావ తల వంచుకున్నాడు. "నలభై నాలుగేండ్లొచ్చినయి సార్. మోకాలు రోజుకో తీరు ఉంటది. ఈ ఏడు ఆడకుంటే ఇగ గట్టు మీద కూసోని సప్పట్లు కొట్టుడే."

ఆ మాటకు నేను లేచి బావ పక్కన కూచున్నాను. ఉమామహేశ్వర్‌కు మాత్రం కళ్లు మెరిశాయి. లేచి కిటికీ దాకా నడిచి, గిర్రున వెనక్కి తిరిగాడు. "ఇది మామూలు కేసు కాదు. చాలా బరువైన కేసు!"

"గదే గద సార్ బాధ," అన్నాడు బావ.

"నిజం చెప్పు. దొంగచాటుగా ఏం తింటున్నావు?"

"పోశమ్మ తోడు సార్! ఇంటి సద్ది తప్ప బయట ఒక్క మిర్చి బజ్జి ముట్టలే."

ఆ ఒట్టులో అబద్ధం లేదు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

బావ నడకకు వెళ్లగానే అక్క తలుపు దగ్గరికి వేసి, చెంగు ముడి విప్పింది. అందులోంచి ఒక కోడి ఎముక తీసి ఉమామహేశ్వర్ చేతిలో పెట్టింది.

"డబ్బా కడుగంగ దొరికింది. నేను పంపింది రొట్టె. అండ్లకెళ్లి వచ్చింది బొక్క."

ఆయన దాన్ని భూతద్దంతో ముందు నుంచి, వెనక నుంచి, చివరికి పొరపాటున భూతద్దాన్నే ఎముకతో చూశాడు. "శవంలో మిగతా భాగం ఎక్కడ?"

"తినుంటరు సార్," అన్నాను.

"నిశ్శబ్దం! సారవ్వా, దీని గురించి మీ ఆయనను ప్రశ్నించావా?"

"అడిగితె కొట్లాట అయితది. ముందుగాల ఎవతి వండి పెడుతున్నదో తెలువాలె." అక్క చెంగుతో కళ్లు తుడుచుకుంది. "తెలిసినంక కొట్లాట నేను జూసుకుంట."

ఉమామహేశ్వర్ పైకప్పు వైపు చూశాడు. పైన ఫ్యాను తప్ప ఏమీ లేదు. "అర్థమైంది! ఓడిపోతామని భయపడి శత్రు జట్టు ఒక వగలాడిని పంపింది. పూర్వం రాజులను చంపడానికి విషకన్యలను పంపేవారు. ఇది కూరకన్య!"

అక్క ఏడుపు ఆపి నా వైపు చూసింది. నేను ఆటో తాళం వైపు చూశాను.

మరునాడు మధ్యాహ్నం వర్క్‌షాపు గేటు పక్కన, సైకిళ్ల షెడ్డుకు ఎదురుగా ఆటో ఆపాను. కార్మికులు సద్ది తినేది ఆ షెడ్డులోనే. రామగుండం ఎండ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, ఆటో హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఆ ఎండలో మన డిటెక్టివ్ తలకు రుమాలు, మూతికి పెట్టుడు మీసం, పైన ఉన్ని దుప్పటి కప్పుకుని వెనక సీట్లో పడుకున్నాడు.

"సార్, పొద్దున ఏమన్న తిన్నరా?"

"తినలేదు. ఆకలి మెదడుకు సాన పడుతుంది. కూరకన్య కనిపించగానే రెండుసార్లు దగ్గు."

"ముసలవ్వ ఒకామె పోతుంది సార్."

"మారువేషం! వదలకు!"

ఆ ముసలవ్వ మేకను తోలుకుంటూ పోయింది. మేకది కూడా మారువేషమేనా అని అడుగుదామని వెనక్కి తిరిగాను. దుప్పటి సీటు మీద ఉంది, మనిషి లేడు. కళ్లు తిరిగి అటు పక్కకు దొర్లి, సరిగ్గా షెడ్డు ముందు బోర్లా పడి ఉన్నాడు. మీసం ఊడి చెవికి అంటుకుంది.

షెడ్డులోంచి నలుగురు ఉరికొచ్చారు. "అరే, మస్టర్ సారు గద! నీళ్లు తేండ్రి! తినక పడ్డట్టున్నడు!"

నీళ్లు చల్లి నీడలో కూచోబెట్టారు. వెల్డరు ప్రశాంత్ తన ముందున్న డబ్బాలోంచి ఇంత తుంచి ఆయన నోట్లో పెట్టాడు. ఉమామహేశ్వర్ కళ్లు మూసుకునే నమిలాడు. ఆ తర్వాత ఒక్కసారిగా కళ్లు తెరిచి అరిచాడు.

"జొన్న రొట్టె! తోటకూర! ఇది రాయమల్లు సద్ది! దొంగా, దొరికావు!"

"దొంగేంది సార్?" ప్రశాంత్ బిత్తరపోయాడు. "రోజు నేనే తింట. సారక్క రొట్టె అంటే మాకు పానం. నేనింత, ఈ అంజి ఇంత."

అప్పుడు చూశాను మా బావను. గోడకు ఆనుకుని, ప్రశాంత్ డబ్బా మూతలో ఎర్రగా మెరుస్తున్న కోడి కూర పెట్టుకుని, అంజి తెచ్చిన పూరీ అందులో ముంచుతున్నాడు. నోరు ఖాళీ లేదు.

మా వైపు పనికాడ ఎవడి డబ్బా వాడు తినడు. విప్పి నడుమ పెడతారు, అందరి చేతులు అందరి డబ్బాల్లో ఉంటాయి. ఆటోలో ఒక్కణ్ణే తిని తిని నేనే ఆ సంగతి మరిచిపోయాను.

"బావా! బయట ముట్టలే అని పోశమ్మ మీద ఒట్టేస్తివి గద?"

"గిది బయటదా?" బావ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గిది తినుడు గాదు సంపత్. పంచుకునుడు."

"నన్ను జూడన్నా," అని ప్రశాంత్ అంగీ ఎత్తి చూపించాడు. "రొట్టెలు తిని తిని బెల్టుకు కొత్త బొక్కలు కొట్టించిన. కామెర్లయినయని మా ఆమె పసరు తాపిచ్చింది."

"ఆగండి! కూరకన్య ఎవరో ఇంకా తేలలేదు!" అన్నాడు ఉమామహేశ్వర్.

"కోడి కూర వండింది మా ఇంటామె సార్."

"అయితే ఆమెను వెంటనే…"

"ఇంకో ముద్ద తినుండ్రి సార్," అని ప్రశాంత్ ఆయన నోరు నింపాడు.

సాయంత్రం అక్క ముందు నవ్వింది. తర్వాత ఆ ఎముకను బావ మీదికి విసిరింది. "రేపటికెళ్లి నీ డబ్బా నువ్వే తినాలె!"

"అందరు కూసున్నకాడ మూతి తిప్పుకోని ఒక్కన్నే తింటనా?" బావ కింద పడ్డ ఎముకను ఏరాడు. "గట్లయితే నాకు ఆటే వద్దు తియ్."

అంతగా ఆడాలని ఉన్న మనిషి అంత తేలికగా వద్దనేసరికి అక్క కోపం ఎటు పోయిందో తెలియదు. చెప్పులేసుకుని బయటికి నడిచింది. ప్రశాంత్ ఇల్లు, అంజి ఇల్లు, ఆ వరసలో ఇంకో నాలుగిళ్లు తిరిగింది. తెల్లారి నుంచి షెడ్డులో ఏ డబ్బా విప్పినా జొన్న రొట్టే. ఎవరి దాంట్లో చెయ్యి పెట్టినా ఆకుకూరే. బావ మునుపటిలాగే అందరివీ తిన్నాడు.

పోటీల రోజు స్టేడియంలో కాంటా పెట్టారు. బావ బనీను కూడా విప్పి ఎక్కాడు. ముల్లు ఎనభై మీదికి పోయి, ఊగి, వెనక్కి వచ్చి, గీతకు ఇవతల ఆగింది. అక్క వేసిన కేకకు అంపైరు చేతిలో విజిల్ కింద పడింది.

ఆట మొదలయ్యే ముందు ఉమామహేశ్వర్ గట్టెక్కి చేతులు చాచాడు. "ప్రజలారా! ఆ రోజు నేను మూర్ఛపోవడం నటన! నా పథకంలో ఏడవ అంకం! ఇక మొదటి అంకం ఏమిటంటే…"

అక్క సంచిలోంచి రొట్టె తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ నోట్లో కుక్కింది.

"తినుండ్రి సార్. మెల్లగ, మంచిగ నమిలి తినుండ్రి. నోట్ల ముద్ద ఉన్నంతసేపు మాట్లాడొద్దని దవాఖానల డాక్టర్ సాబ్ చెప్పిండు."

గట్టి రొట్టె. ఆయన నమిలాడు, నమిలాడు, ఇంకా నమిలాడు. గట్టు మీద ఎంత హాయిగా ఉందంటే, కింద గీత దాటిన మా బావ గొంతు, ఊపిరి తెగకుండా, నాకు స్పష్టంగా వినిపించింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ…"