డేగకు కళ్ళజోడెందుకు?

దూరానివి చక్కగా కనిపించి, దగ్గరవి మాత్రం అలుక్కుపోయే పిల్లలకు కళ్ళజోడు కొనిపెట్టకండి. ఇంట్లో మనశ్శాంతి ఉండదు! కాదంటారా? అయితే ఈ దర్జీ ఆవిడ సంగతి వినండి.

ఆవిడ కూతురి ముద్దుపేరు డేగ. మేడమీద నిలబడి మలుపులోని బస్సు నంబరు చెప్పేసేది. చుట్టాలను వీధి చివర ఉండగానే పోల్చుకునేది. తలుపేసుకోవడానికి బోలెడంత వ్యవధి దొరికేది. బళ్ళో కంటిపరీక్షకని గోడకు తగిలించిన అట్టమీద ఆఖరి వరుస కూడా గడగడా అప్పజెప్పింది. అలాంటి పిల్లకు చూపులో లోపమంటే ఏ తల్లి నమ్ముతుంది?

పుస్తకం తెరిస్తే మాత్రం తలనొప్పి. సూదిలో దారం ఎక్కించమంటే పక్కన గుచ్చేది. ఇంటిల్లిపాదీ ఆలోచించి జబ్బు పేరు తేల్చారు: బద్ధకం. మందు కూడా సులువే. టీవీ బంద్, ట్యూషన్, అప్పుడప్పుడూ మొట్టికాయ.

ఈలోగా పిల్ల సొంతవైద్యం మొదలెట్టింది. నాయనమ్మ కునుకు తీస్తే చాలు, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పాఠం చదివేది. ఓరోజు దొరికిపోయింది.

"ముసలమ్మ వేషాలేంటే? తియ్యి. కళ్ళు పోతాయి," అంది తల్లి.

"ఇది పెట్టుకుంటే అక్షరాలు కదలకుండా ఉంటున్నాయమ్మా."

"కదలాల్సింది నువ్వు. లే, ట్యూషన్‌కి టైమైంది."

"దాని చదువు సరేలే, నా అద్దాలకి గీతలు పడతాయి," అంది నాయనమ్మ.

తలనొప్పి ముదిరాక కళ్ళ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళక తప్పలేదు. ఆవిడ జోడు రాసిచ్చింది. అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి.

పిల్ల చదవసాగింది! మందుసీసా మీద గడువు తేదీ చదివి నాయనమ్మను హడలగొట్టింది. బిస్కెట్ ప్యాకెట్ వెనక చక్కెర లెక్క చదివి తండ్రి నోటిదగ్గర చెయ్యి ఆపింది. ట్యూషన్ మాస్టారు ఎగ్గొట్టిన పేరాను వేలుపెట్టి చూపించింది. పాపం, ఆయన ఎంతకాలంగా హాయిగా ఎగ్గొడుతున్నారో!

ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. ఒక సాయంత్రం తల్లి చొక్కాకు గుండీలు కుడుతుంటే, పక్కనే చదువుకుంటున్న పిల్ల తలెత్తింది.

"అమ్మా, నీకు మొదట్నుంచీ అక్షరాలు ఇలా కదలకుండానే కనిపిస్తాయా?"

"ఇలాగే. ఏం?"

"అందరికీనా?"

"ఆ. అందరికీ."

"ఓహో. మీక్కూడా నాలాగే అలుక్కుపోయి కనిపిస్తాయి, అయినా కష్టపడి చదివేస్తారనుకున్నా. నాకే బద్ధకమనుకున్నా."

అని మళ్ళీ పుస్తకంలోకి తల దూర్చేసింది. తల్లి చేతిలో గుండీ అలాగే ఉండిపోయింది.

చూశారుగా? జోడు లేనన్నాళ్ళూ తప్పంతా పిల్లదే. పెద్దవాళ్ళకు కంటినిండా నిద్ర. జోడు రాసిచ్చేటప్పుడు, ఇలాంటి మాట వినాల్సొస్తుందని ఆ డాక్టరమ్మ తల్లికి ఒక ముక్క చెప్పొద్దూ?