కైసార్ చిన్నిల్లు

ఆ పొద్దున బాటిమా పెట్టుకున్న పని ఒక్కటే. పెరుగు కాచి, గుడ్డలో పిండి, కుర్త్ అనే పెరుగు ఉండలు కట్టి ఎండబెట్టాలి. పెరట్లో మొగుడు కైసార్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. వినాలని ఆవిడ అనుకోలేదు. చెవులే అటు తిరిగాయి.

"సౌలే, మనవాళ్ళు తిన్నారా? మొన్న పెట్టిందంతా ఊడ్చేశారా? బంగారాలు! చలికి ముడుచుకుపోతారు పాపం, ఇవాళ తీపి కాస్త వెచ్చచేసి పోద్దాం."

బాటిమా చేతిలో ఉండ నలిగి పిండైపోయింది. మూతపడిన రసాయనాల ఫ్యాక్టరీ కింద నీళ్ళన్నీ విషమయ్యాయనీ, వాటిని బాగుచేసే పనిలో మొగుడున్నాడనీ ఆవిడకు తెలుసు. అక్కడేం చేస్తారంటే "పంపుల పని" అనేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో తనను ఒక్కనాడు తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. అక్కడ చిన్నిల్లు పెట్టి, పిల్లల్ని కని, వెచ్చచేసి మరీ తాగిస్తున్నాడన్నమాట! ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

కారు డిక్కీలో చక్కెర మిల్లు నుంచి తెచ్చిన తియ్యటి చెరకు మడ్డి క్యాను నిండా ఉంది. కైసార్ టీ తాగి లేచేలోపు బాటిమా ఆ తీపినంతా దూడల తొట్లో పోసేసింది. పెరుగు పిండగా మిగిలి, మూలన మురుగుతున్న పుల్లనీళ్ళు క్యాన్లోకి వంచింది. అడుగున అంటిన మడ్డితో అవీ నల్లబడ్డాయి. "తాగి చావండి" అనబోయి, పిల్లలు గుర్తొచ్చి, "తాగి పరుగెత్తండి" అని సరిపెట్టుకుంది.

ఆ నెలంతా ఇదే వరస. దూడలు నున్నగా తయారయ్యాయి. కైసార్ ఈల వేసుకుంటూ తిరుగుతున్నాడు.

"ఎగబడి తాగుతున్నారా? ఎంతమందయ్యారో లెక్కే తేలట్లేదా, సౌలే?" అని ఫోన్లో ఒకటే మురిపెం.

లెక్క తేలనంతమందా! బాటిమా ఏడుస్తూ అత్తగారు రిస్తీ దగ్గరికి పరుగెత్తింది. "నాకు చూపించకుండా మనవలా?" అని ముసలావిడ రొట్టెల కర్ర అందుకుంది. ఇద్దరూ టాక్సీ ఎక్కారు.

ఫ్యాక్టరీ వెనక కైసార్ ఓ గొట్టం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "తాగండ్రా నాన్నా" అంటూ క్యాను వంచుతున్నాడు. పక్కన తెల్లకోటులో సౌలే. అందంగా కూడా ఉంది. బాటిమాకు అది మరీ కడుపుమంట.

"ఒరేయ్! పిల్లలేరిరా?" అంది రిస్తీ.

"కిందున్నారమ్మా," అన్నాడు కైసార్, గొట్టం చూపిస్తూ.

"పాతిపెట్టావుట్రా!" కర్ర పైకి లేచింది.

సౌలే అడ్డొచ్చింది. "ఆగండి పెద్దమ్మా! పిల్లలు కాదు, సూక్ష్మజీవులు. నీళ్ళలో విషాన్ని తినేస్తాయి. వాటి బలానికి మడ్డి పోస్తే ఏడాదిగా నీరసంగానే ఉన్నాయి. ఈ నెల కైసారన్న తెచ్చిందేదో తాగాక విషం సగానికి తగ్గింది. ఇంతకీ ఏం కలిపారన్నా?"

"అంటే... అనుభవం," అని మొదలెట్టాడు కైసార్.

"నీ మొహం! అవి నా పుల్లనీళ్ళు," అని బాటిమా బయటపడిపోయింది. "నీ చిన్నింటికి కడుపు పాడవ్వాలని పోశాను!"

సౌలే ఒక్క గంతులో వచ్చి కావలించుకుంది. "వదినా, మీరు దేవత! ఇకనుంచి మనవాళ్ళ తిండి మీదే."

ఇప్పుడు రోజూ పొద్దున్నే పెరట్లో ఫోను పట్టుకునేది బాటిమా. "సౌలే, మనవాళ్ళు తిన్నారా? బంగారాలు!" గుమ్మంలో కైసార్ మూతి ముడుచుకుని నిలబడి ఆ మురిపెమంతా వింటుంటాడు.

అతను ఇంకా తినలేదు.