డార్బీ క్రాసింగ్ రాడార్ కేసు

ఆ సోమవారం సూర్యప్రకాశ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా పేపర్ మిల్లుకు చేరాలి, అక్కడి మీటర్లు సరిగ్గా చదువుతున్నాయో లేదో చూడాలి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. 1983లో పెన్సిల్వేనియా కొండల్లో మిల్లు మిల్లుకూ తిరిగి మీటర్లు సరిచేయడమే, అంటే క్యాలిబ్రేట్ చేయడమే ఆయన ఉద్యోగం. కారు లేకపోతే ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే, ఆరో నెల గర్భిణి అయిన భార్య లీలకు కాన్పు ఖర్చు భరించే ఇన్సూరెన్సు లేదు. అప్పటికే రెండు స్పీడింగ్ జరిమానా టికెట్లు పడి ఉన్నాయి, మూడోది పడితే లైసెన్సు పోతుంది.

తానుంటున్న డార్బీ క్రాసింగ్ అనే చిన్న ఊరు దాటకముందే ఆ ఊరి పోలీసు ఆపాడు. అధికారి నిలబడి ఉంటే తాను కూర్చుని మాట్లాడటం ఎరగని మనిషి కదా, సూర్యప్రకాశ్ మర్యాదగా కారు దిగి, జేబులోంచి కాగితాలు తీస్తూ ఎదురెళ్ళాడు. కారు దిగి జేబులో చెయ్యి పెట్టిన మనిషిని చూసి పోలీసు చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

"కదలకు! చేతులు కారు మీద పెట్టు!"

సూర్యప్రకాశ్ బానెట్ మీద చేతులు పెట్టి అడిగాడు. "సార్, మీ రాడార్ ఎంత చూపించింది?"

"నలభై తొమ్మిది. ఇక్కడ లిమిట్ ముప్పై అయిదు."

"దాన్ని చివరిసారి ఎప్పుడు క్యాలిబ్రేట్ చేశారు?"

అప్పటిదాకా మందలించి వదిలేద్దామనుకున్న పోలీసు టికెట్ పుస్తకం తీశాడు.

"తుపాకీ మీద చెయ్యేస్తే క్యాలిబ్రేషన్ గురించి అడిగారా? మీకేమైనా మతుందా అండీ?" అంది లీల, సాయంత్రం ఇంట్లో సంగతి విని.

లాయరు స్నేహితుడు కృష్ణమోహన్ ఫోన్లో ధైర్యం చెప్పాడు. "ఈ స్టేట్‌లో రాడార్ వాడే అథారిటీ స్టేట్ పోలీసులకే ప్రకాశ్, ఊరి పోలీసులకు లేదు. కోర్ట్‌లో ఆ ఒక్క ముక్క చెప్పు. తర్వాత నోరు మూసుకో."

ఆ ముక్క వారం రోజులు వల్లెవేసి, కోర్టులో తడబడకుండా చెప్పాడు. జడ్జి పుస్తకం తిరగేసి, పోలీసు వైపు విసుగ్గా చూశాడు.

"నిజమే. ఈ రాడార్ రీడింగ్ చెల్లదు. మీ దగ్గర వేరే సాక్ష్యం ఏమైనా ఉందా?"

"లేదండీ," అన్నాడు పోలీసు. అక్కడితో ఆగలేక, "కానీ ఆ మెషీన్ ఒక్క మైలు కూడా తప్పు చదవదు," అని గొణిగాడు.

పక్కనే కూర్చున్న లీల భర్త కోటు పట్టుకుని లాగింది. కానీ పదకొండేళ్ళ వృత్తి ఆయన్ని లేపి నిలబెట్టింది.

"తప్పే చదివింది యువర్ ఆనర్! నేను వెళ్తున్నది యాభై నాలుగు. నా స్పీడోమీటర్ నేనే సరిచేసుకున్నాను. ఇదిగో సర్టిఫికెట్."

జడ్జి చెయ్యి చాపి దాన్ని అందుకున్నాడు. "దీన్ని నమ్మడానికి నాకు అథారిటీ ఉంది."

లీల కడుపు మీద చెయ్యి వేసుకుని, ఆయన కోసం ఆగకుండా బయటికి నడిచింది. సూర్యప్రకాశ్‌కు ఆమె ముఖం చూడాలంటే సిగ్గేసింది. లైసెన్సు ఆ రోజే పోయింది. ఉద్యోగం, ఇన్సూరెన్సు శుక్రవారానికి పోయాయి. రెండు మైళ్ళ దూరంలోని గోడౌన్‌లో పెట్టెలు మోసే పని దొరికింది.

రాడార్‌ను మాత్రం టౌన్ హాల్ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇప్పుడు ఊరివాళ్ళంతా ఆ రోడ్డు మీద నిశ్చింతగా అరవైలో పోతూ, మంచులో రోడ్డంచున పనికి నడిచి వెళ్ళే సూర్యప్రకాశ్‌కు చెయ్యి ఊపి థాంక్స్ చెప్తున్నారు.