పేజీ మూలన ఓకే

యాభై ఆరు అక్షరాల మన తెలుగు శుద్ధ దండగ! ఈ మాట అన్నందుకు నన్ను కొట్టడానికి వచ్చేవారు దయచేసి వరుసలో నిలబడండి. నిలబడ్డారా? ఓకే.

చూశారా, అప్పుడే వాడేశాను! రెండక్షరాల ఈ ఇంగ్లీషు ముక్క ఉండగా మిగతా నిఘంటువంతా అనవసరమని నా నిశ్చితాభిప్రాయం. నేనేమీ ఆషామాషీ మనిషిని కాను. ఇరవై రెండేళ్లుగా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. పేజీ కుడివైపు మూలన నేను ఎర్ర పెన్నుతో 'ఓకే' అని రాసి, పొట్టి సంతకం చేసి, తేదీ వేస్తే తప్ప మెషిన్ కదలదు. ఈ మాట గురించి మాట్లాడే అధికారం నాకు కాక ఇంకెవరికుంది?

మా మేనేజరుగారినే తీసుకోండి. సెలవు చీటీ చూసి ఆయన "ఓకే" అని ముక్తసరిగా అంటే సెలవు లేనట్టు. "ఓకేఏఏ" అని సాగదీస్తే మనం చెప్పింది ఒక్క ముక్క అర్థం కానట్టు. "ఓకే ఓకే" అని రెండుసార్లు అంటే ఇక దయచేయమని. ఒక్క మాటతో ఆఫీసంతా నడిపించేస్తున్నారు మహానుభావుడు.

పళ్ల డాక్టరు నా నోట్లో రెండు చేతులూ, ఒక పైపూ, గుర్రుమనే ఒక మరా పెట్టి "ఓకేనా?" అంటాడు. నేను "ఆఁ" అంటాను. అదీ ఓకే కిందే జమ! సెలూన్ అతను నా తల వెనక అద్దం పట్టి "ఓకేనా సార్?" అంటాడు. అప్పటికి జుట్టంతా నేలమీద ఉంటుంది. కాదంటే మాత్రం ఏం చేస్తాడు, తిరిగి అతికిస్తాడా?

కంప్యూటర్ మర్యాద ఇంకా గొప్పది. మొన్న నేను రోజంతా దిద్దిన నూట పన్నెండు పేజీలను మింగేసి, ఆ సంగతి తానే చిన్న డబ్బాలో రాసి చూపించింది. కింద ఒకే ఒక్క బటన్. ఓకే! 'అస్సలు ఓకే కాదు' అనే బటన్ కోసం స్క్రీనంతా గాలించాను. లేదు. ఏం చేస్తాను, నొక్కాను.

మా ఆవిడ ఓకేని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. ఆదివారం ప్రెస్సుకి వెళ్లాలని నేను చెప్పినప్పుడు ఆవిడ నెమ్మదిగా "ఓకే" అందంటే, నేను చెప్పులు విడిచి ఇంట్లోనే కూర్చుంటాను. అలా ఇరవై ఏళ్లుగా కాపురం చేసుకొస్తున్నాను.

ఇలా మొత్తం పదిహేడు అర్థాలు పోగేసి ఈ వ్యాసం రాశాను. అచ్చుకి పంపేముందు ఎవరిచేతైనా చదివిద్దామని మా అమ్మాయికిచ్చాను. పదహారేళ్లది, నాకంటే ఎక్కువ పుస్తకాలు చదివింది. మొహమాటపడకుండా చెప్పమన్నాను. ఎక్కడ నవ్వుతుందో విందామని తలుపు దగ్గర చెవి పెట్టుకుని నిలబడ్డాను కూడా. చప్పుడు లేదు.

పావుగంటకి కాగితాలు తిరిగొచ్చాయి. కుడివైపు మూలన ఎర్ర ఇంకుతో 'ఓకే'. కింద పొట్టి సంతకం, తేదీ.

నా పదిహేడు అర్థాలూ వరసగా పెట్టి చూశాను. ఒక్కటీ అతకలేదు. సిగ్గు విడిచి తననే అడిగాను, ఇది ఏ రకం ఓకే అని.

"రెండేళ్ల కిందట నా కథకి నువ్వు పెట్టావు చూడు నాన్నా, ఆ ఓకే" అంది.

గుర్తొచ్చింది. తను రాసిన మొదటి కథ. పన్నెండు పేజీలు, మూడో అంతస్తులో ఆగనని మొండికేసిన లిఫ్టు గురించి. నాలుగు అక్షరదోషాలు దిద్ది, మూలన ఓకే పెట్టి, గర్వంగా చేతికిచ్చాను! ఆ తర్వాత తను నాకేదీ చూపించలేదు. రాయడం మానేసిందనుకున్నాను.

ఇంతకీ ఆ లిఫ్టు ఆగిందా? నాకు తెలియదు. ప్రూఫులు దిద్ది దిద్ది నా కళ్లకి అక్షరాలే కనిపిస్తాయి, కథ ఏమైందో పట్టదు. మేనేజరునీ, డాక్టరునీ, కంప్యూటర్నీ ఆడిపోసుకున్నాను గానీ, కన్నకూతురు గుండె తీసి చేతిలో పెడితే నేను చేసిందీ అదే. సిగ్గేసింది. ఆ కథ మళ్లీ ఒకసారి ఇస్తావా అని అడిగాను.

చెయ్యి చాపి, "ముందు ఆ పెన్ను ఇటివ్వు" అంది.

ఇచ్చేశాను. కాబట్టి పాఠకులారా, ఈ వ్యాసంలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. నా దగ్గర పెన్ను లేదు. పైగా లిఫ్టు ఇప్పుడే రెండో అంతస్తు దాటింది.